పొట్టేలు గంటలో గుడ్డ

నా పేరు నర్సింహ. నల్గొండలో ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి ఫోటోలు తీశాను. తెలంగాణ వచ్చాక ఇంకో పదేళ్లు, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లను గుట్టలెక్కించి, పిట్టల ఫోటోలూ పూల ఫోటోలూ తీయించాను. మోకాళ్లు ఇక చాలన్నాయి. సరేనన్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంటున్నారు. ఫోన్లో చెబితే నేను పక్కదారులు పడతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. రాసినా పక్కదారులు పడతానేమో, కొంచెం ఓపిక పట్టండి.

ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు మంచిది అన్నవి ఇందులో ఉండవు. నాకొచ్చిన ప్రశంసాపత్రాల సంగతి కూడా ఉండదు. అవి బీరువా మీద ఉన్నాయి, వాటిలో ఒకదాని మీద నా పేరే తప్పుగా ఉంది.

అసలు పని ఏమిటంటే

గైడు అంటే ముందు నడుస్తూ చేత్తో అటూ ఇటూ చూపించేవాడనుకుంటారు. నిజానికి ఈ పనిలో ముప్పావు వంతు మనుషుల కాళ్లు చూడటమే. వ్యాను దిగగానే నేను ముఖాలు చూడను, బూట్లు చూస్తాను. కొత్త బూట్లు వేసుకొచ్చినవాడు పది గంటలకల్లా కుంటుతాడు. చెప్పులతో వచ్చినవాడు, "నేను చిన్నప్పుడు పల్లెలోనే పెరిగానండీ" అంటాడు. ఆయన ఎనిమిదింటికే కుంటుతాడు.

ఇంకో సంగతి, నల్గొండ గుట్టల మీద మంచేమిటని నవ్వేవాళ్లున్నారు. నేనూ నవ్వేవాడినే. మనకు ఎండ తెలుసు, బండ తెలుసు. కానీ దేవరకొండ దాటి కృష్ణ నీళ్లు నిలిచిన వైపు వెళ్తే, ఫాల్గుణంలో రాత్రి ఒక్క వాన పడితే చాలు, తెల్లారేసరికి నీళ్ల మీంచి మంచు లేచి గుట్టల నడుముదాకా ఎక్కుతుంది. దాని మీద మోదుగు చెట్లు ఎర్రగా తేలుతుంటాయి. సూర్యుడు రెండు బారలు పైకొస్తే ఏమీ ఉండదు, మళ్లీ బండలే. ఆ రెండు గంటల కోసం జనం హైదరాబాదులో అర్ధరాత్రి లేచి వస్తారు.

ఆ గుట్ట పేరు మాత్రం రాయను. ఒకసారి ఇంకో గుట్ట పేరు ఒకాయనకు చెప్పాను. ఆయన ఫోటోతో పాటు దారి కూడా ఫోన్లో పెట్టాడు. ఎండాకాలం వచ్చేసరికి అక్కడ చిప్స్ పొట్లాలు మొలిచాయి. గుడ్లగూబ జంట ఒకటుండేది, అది వెళ్లిపోయింది. అప్పటినుంచి ఎవరడిగినా "ఆ గుట్టలేనండీ" అంటాను. మీరూ అలాగే అనండి.

సత్తయ్య సారు, సుజాత మేడం

నాకు పని నేర్పింది సత్తయ్య సారు. నల్గొండ బస్టాండు దగ్గర ఆయన స్టూడియో ఉండేది. ఆయన పాఠం ఒక్కటే మాట: "తీసెయ్." ఫ్రేములో అక్కర్లేనిది ఏదున్నా తీసెయ్. పెళ్లి పందిట్లో బకెట్ ఉందా, తీసెయ్. ప్లాస్టిక్ కుర్చీ ఉందా, తీసెయ్. ఏడ్చే పిల్లాడున్నాడా, వాడికో బిస్కెట్ ఇచ్చి వాణ్నీ తీసెయ్. ఆ మాట నా రక్తంలోకి ఎక్కింది. నా ఫోటోలు శుభ్రంగా ఉంటాయని పేరొచ్చింది.

పానగల్ దగ్గర ఒక పెళ్లిలో, పెళ్లికూతురి పక్కన వాళ్ల అవ్వ నిలబడింది. నలిగిన చీర, చెదిరిన జుట్టు. నేను చాలా మర్యాదగా, "అవ్వా, జర పక్కకు కూసో, తర్వాత నీకు వేరేగ తీస్త" అన్నాను. వేరేగా తీయలేదు, మరిచిపోయాను. ఏడాది తిరక్కుండా ఆ అవ్వ పోయింది. పెళ్లికూతురి బాపు స్టూడియోకి వచ్చి, "మా అమ్మది ఒక్క ఫోటో అన్న ఉంటదా జూడు తమ్మీ" అని అడిగాడు. రెండు రోజులు వెతికాను. ఒక మూలన ఆమె మోచెయ్యి దొరికింది. మోచెయ్యి ఫోటో ఏమిస్తాం! లేదని చెప్పాను. ఆయన కోప్పడలేదు, కోప్పడి ఉంటే బాగుండేది. సత్తయ్య సారుకు చెబితే, "గట్ల అందర్ని పెట్టుకుంట పోతే అది ఫోటో గాదు, సంత" అన్నాడు. సారు మంచి పనివాడే, కానీ ఆ మాట మాత్రం తప్పు. నాకది అర్థం కావడానికి ఒక పొట్టేలు కావాల్సి వచ్చింది.

స్టూడియో రోజులు అయిపోయాక సుజాత మేడం దగ్గర చేరాను. హైదరాబాదులో చిన్న ఆఫీసు పెట్టి ఈ నడకలు నడిపేది. మనసు మంచిది, మాట పదును. ఆమెకు రెండు రూల్స్. అతిథి అడిగితే లేదనకూడదు. అతిథుల ముందు మన తప్పు ఒప్పుకోకూడదు. రెండోది పాటిస్తే ఉద్యోగం నిలబడుతుంది. మొదటిది పాటిస్తే ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

యాదమ్మ మంద

ఆ గుట్ట మీదికి వెళ్లే దారిలో, శిఖరానికి కొంచెం దిగువన, ముళ్లకంచె కట్టిన గొర్ల దొడ్డి ఉంది. రెండేళ్లుగా అక్కడ ఆగి చాయ్ తాగడం నాకు అలవాటు. దొడ్డి యాదమ్మ వాళ్లది. యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆమెకు ఆ పేరు. నాది కూడా ఆ స్వామి పేరే కాబట్టి నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. నలభై దాటిన మనిషి, సన్నగా, చేతిలో ఎప్పుడూ కర్ర, నోట్లో ఎప్పుడూ ఒక ఎత్తిపొడుపు.

ఆ ఫాల్గుణం మేం వెళ్లేసరికి ఆమె ఒక్కతే ఉంది.

"మీ ఇంటాయన ఏడీ చెల్లె?"

"కాలిరగ్గొట్టుకుండు. దేవరకొండ దవాఖానల పండిండు. పది దినాల నుంచి నేనే కాస్తున్న."

"ఒక్కదానివేనా?"

"గదే గదన్నా పంచాతి. మా మామ మంద అమ్మేద్దమంటాండు. ఆడిది గుట్ట మీద మందను కాసుడేందంటడు. ఒక్క గొర్రె తప్పిపోయినా తెల్లారి బేరగాన్ని తోల్కొస్తనని చెప్పి పోయిండు. నాకైతే గీ గొర్లే బతుకు. ఇవి పోతే నేను ఎవలింట్ల కూలికి పోవాలె?"

ఈ మాట నాకు చాయ్ పోస్తూ చెప్పింది. నేను విన్నాను, అయ్యో అన్నాను, చాయ్ బాగుందన్నాను. ఇది గుర్తుంచుకోండి. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

ఆ రోజు నా వెంట ఏడుగురు అతిథులు. వాళ్లలో ఇద్దరి గురించి చెబితే చాలు. ఒకరు ప్రభాకర్ సార్, రిటైరైన ఇంజనీరు. ఆయన లెన్సు మా ఇంట్లో రుబ్బురోలు పొత్రమంత ఉండేది. ఎర్రమోదుగు కొమ్మ మీద పాలపిట్ట, వెనక మంచు, అదీ ఆయన కోరిక. మూడేళ్లుగా దాని కోసమే తిరుగుతున్నాడు. రెండో ఆమె స్వాతి, కంప్యూటరు ఉద్యోగం, ఇరవై ఆరో ఇరవై ఏడో. మొదటిసారి గుట్టెక్కుతోంది, ప్రతి పురుగుకూ పేరు అడుగుతుంది. పేరు తెలియనప్పుడు నేను లాటిన్ లాంటిదేదో అనేవాణ్ని.

రాత్రి వాన పడింది కాబట్టి మంచు అద్భుతంగా లేచింది. అందరూ ఆహా ఓహో అంటున్నారు. అంతలో ఎవరో, "ఈ మంచులో శిఖరం మీద గొర్రెల మంద నడిస్తే ఎలా ఉంటుందండీ!" అన్నారు. ఏడుగురూ నా వైపు తిరిగారు. అతిథి అడిగితే లేదనకూడదు.

"చెల్లె, మందను జర బండ మీదికెళ్ళి నడిపిస్తవా?"

"ఇప్పుడా? మంచు ఇగిరినంక ఇడుస్తం గదన్నా. తడి గడ్డి తింటే కడుపులు ఉబ్బుతయ్. పిల్లలు పాలు గూడ తాగలే ఇంక."

"గడ్డి కాడికి పోనియ్యకు. బండ మీదనే ఇటుకెళ్ళి అటు. పది నిమిషాలు, గంతే."

ఆమె నా ముఖం చూసింది, ఏడుగురి ముఖాలూ చూసింది. మొహమాటపడింది. పాలు తాగని గొర్రెపిల్లల్ని పెద్ద గంపల కింద మూసి, మందను వదిలింది. ముందు పొట్టేలు, దాని మెడలో ఇత్తడి గంట. వెనక ముప్పై ఆరు గొర్రెలు. గంట ఖంగు ఖంగుమని మోగుతుంటే అన్నీ దాని వెంట నడిచాయి.

అప్పుడే ప్రభాకర్ సార్ నా భుజం తట్టాడు. బండ చివర మోదుగు చెట్టు మీద పాలపిట్ట వాలింది. "ఆ గంట చప్పుడుకు లేచిపోతుందేమో నర్సింహా" అన్నాడు, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

తీసెయ్.

వెళ్లి పొట్టేలును పట్టుకున్నాను. జేబులో లెన్సు తుడిచే పసుపు గుడ్డ ఉంది. దాన్ని గంటలో కుక్కాను. యాదమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, గదేం పని! గంట లేకుంటె మంచుల మంద యాడుందో నాకెట్ల ఎర్కైతది?"

"పది నిమిషాలే చెల్లె. ఫికర్ చెయ్యకు, నేనున్న గద."

పొట్టేలు నడిచింది. యాదమ్మ అలవాటుగా మంద వెనకే బయల్దేరింది. ఫ్రేములో ఆమె ముదురాకుపచ్చ చీర, చేతిలో ప్లాస్టిక్ చెంబు. నేను పిలిచి, చాలా మర్యాదగా, "చెల్లె, జర పక్కకు జరుగు" అన్నాను.

ఆమె జరిగింది.

పాలపిట్ట రెండు నిమిషాలకే ఎగిరిపోయింది. గంట మోగలేదు, అయినా పోయింది. అందరం ఒకరి మీద ఒకరు పడుతూ దాని వైపు పాకుతుంటే ఏ పిట్టయినా పోతుంది. మేం అటు చూసి నాలుక కరుచుకుని ఇటు తిరిగేసరికి మంచు కింది నుంచి ఇంకో విడత పైకి వచ్చింది. చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. మంద కూడా కనబడలేదు. వినబడనూ లేదు.

గొంతులు

ఆ శిఖరానికి ఒకవైపు దొడ్డి, ఇంకోవైపు నిలువు గండి. గండి కింద నీళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. గైడన్నవాడు ఏదో ఒకటి చెయ్యాలి కదా, అందుకని రెండో తప్పు చేశాను. "అందరూ విడిపోయి గట్టిగా పిలవండి" అన్నాను. ఏడుగురూ మొదలుపెట్టారు. ఒకరు డుర్ర్ అంటారు, ఒకరు ఈల వేస్తారు, ఇంకొకాయన కుక్కను పిలిచినట్టు చిటికెలేస్తాడు. ప్రభాకర్ సార్ "కమాన్, కమాన్" అంటున్నాడు.

"గమ్మునుండుండ్రి!"

యాదమ్మ అరిచిన అరుపుకు అందరం ఆగిపోయాం.

"మీ గొంతులు ఇనే ఇంత దూరం ఉరికినయ్ గొర్లు. ఇంక మొత్తుకోని గండిలకు తోల్తరా?"

ఆమె ముఖం తెల్లబోయింది. "చెల్లె" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. కాసేపు మంచులోకి చూస్తూ నిలబడింది. తర్వాత గిరుక్కున తిరిగి, "నా ఎంబడి రాండ్రి, అందరు" అని దొడ్డి వైపు దిగింది.

గంపలు ఎత్తింది. కింద పిల్లలు, పుట్టి పది పదిహేను రోజులైనవి. పాలు తాగలేదు కాబట్టి ఒకటే అరుపు. వాటిలో గొంతు గట్టివి చూసి ఎనిమిదింటిని ఏరింది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కోదాన్ని పెట్టింది.

"కింద దొడ్లకెళ్ళి మొత్తుకుంటే తల్లులకు ఇనబడది, గుట్ట అడ్డమున్నది. మీదికి పోదం. బండ పొడుగున దూరం దూరం కూసోండ్రి. ఒక్కకాడుంటే ఒకదాన్నొకటి జూసుకోని గమ్మునుంటయ్. ఒంటిగుంటెనే మొత్తుకుంటయ్. మీరు మాత్రం నోరు తెరవద్దు."

కెమెరాలు దొడ్డిలో గొంగడి మీద పెట్టేశారు. ఎవరికీ నేను చెప్పనక్కర్లేకపోయింది. రెండు చేతులూ పిల్లకే సరిపోతాయి మరి. మంచులో ఒకరి వెనక ఒకరం పైకెక్కి, ఇరవై అడుగులకొకరం కూర్చున్నాం. పక్కవాళ్లు కనబడటం లేదు, వాళ్ల చేతిలో పిల్ల మాత్రం వినబడుతోంది. నా ఇరవై ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత బుద్ధిమంతులైన అతిథులను చూడలేదు. నా కుడివైపు నుంచి ప్రభాకర్ సార్ గొంతు ఒక్కసారి వినబడింది, "అబ్బా, పోసేసింది" అని. మళ్లీ చప్పుడు లేదు.

ఎంతసేపో చెప్పలేను. మొదట స్వాతి దగ్గర. మంచులోంచి ఒక గొర్రె ముఖం వచ్చిందట, నేరుగా పిల్ల దగ్గరికొచ్చి మూతి ఆనించి వాసన చూసిందట. ఆమె భయపడి పిల్లను వదిలేసింది. పిల్ల తల్లి పొదుగు కిందికి దూరింది. ఆ తల్లి వెనక ఇంకో నాలుగు. తర్వాత ప్రభాకర్ సార్ దగ్గరికి ఒకటి, దాని వెనక ఆరు. అలా ఒక్కొక్కరి దగ్గరికి. యాదమ్మ ఒకరి నుంచి ఒకరి దగ్గరికి నడుస్తూ, వీపుల మీద చెయ్యి వేసి లెక్క పెట్టుకుంటోంది. ఆ లెక్క తప్ప ఇంకే మాటా లేదు.

"ముప్పై అయిదు" అని నా దగ్గర ఆగింది.

నా చేతిలో పిల్ల ఒక్కటే మిగిలింది. బొల్లి ముఖం పిల్ల. దాని తల్లి రాలేదు, పొట్టేలూ రాలేదు. యాదమ్మ నా ఎదురుగా గొంతుకూర్చుని పిల్ల వైపు చూస్తోంది. పిల్ల గొంతు బొంగురుపోతోంది. అరుపుకూ అరుపుకూ మధ్య ఎడం పెరుగుతోంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇరవై ఏళ్లు వెలుతురు గురించి, ఫ్రేము గురించి మాట్లాడినవాణ్ని, ఒక గొర్రెపిల్లను ఇంకొక్కసారి అరవమని మనసులో బతిమాలుకున్నాను.

వెనక నుంచి నా మెడకు తడి మూతి తగిలింది. ఎగిరిపడ్డాను. బొల్లి గొర్రె. దాని వెనక పొట్టేలు, మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది, గండి వైపు బండలో ఇరుక్కున్నట్టుంది. రెండూ నా వీపు మీదికి వచ్చేదాకా నాకు వినబడలేదు. ఎలా వినబడుతుంది, గంట నేనే మూశాను కదా.

యాదమ్మ పొట్టేలు మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, ముఖం దాని బొచ్చులో పెట్టుకుంది.

మల్లయ్య కాక

మంచు విడిపోయే వేళకు కింది నుంచి ఒక ముసలాయన ఎక్కి వచ్చాడు. భుజాన గొంగడి, కళ్లలో నిప్పులు. యాదమ్మ మామ మల్లయ్య. ఊళ్లోంచి వస్తూ, మంద లేని దొడ్డి, తిరగబడిన గంపలు చూసుకుని వచ్చాడు.

"మంచుల మందను ఎవలు ఇడ్సిండ్రు?"

యాదమ్మ తల దించుకుంది. నన్ను చూపించవచ్చు, చూపించలేదు. నా వెనక ఏడుగురు అతిథులు. మేడం రెండో రూలు నా చెవిలో మోగుతూనే ఉంది. కానీ పానగల్ అవ్వ కొడుకు కూడా గుర్తొచ్చాడు, కోప్పడకుండా వెళ్లిపోయినాయన.

"నేను కాకా" అన్నాను. "నేనే ఇడిపించిన. ఆమె వద్దన్నది. గంటల గుడ్డ పెట్టింది గూడ నేనే. ఫోటోల ఆమె పడుతున్నదని పక్కకు జరిపింది గూడ నేనే. తప్పంత నాది."

ముసలాయన పొట్టేలు దగ్గరికి వెళ్లాడు. గంటలో వేళ్లు పెట్టి పసుపు గుడ్డను మెల్లగా బయటికి లాగాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం గుడ్డ ఇది?"

"కెమెరా అద్దం తుడిచేది కాకా. మంచిగ కనబడాలని."

"కనబడ్డదా?"

ఆయన గుడ్డ నా చేతిలో పెట్టి, మంద మధ్యలోకి నడిచి, తనే ఒకటొకటే తాకుతూ లెక్కపెట్టాడు. రెండుసార్లు పెట్టాడు. తర్వాత కోడలి ముందు నిలబడ్డాడు.

"ఎట్ల దొరకవట్టినవ్?"

"పిల్లలను మీదికి తెచ్చిన మామా. దూరం దూరం కూసోవెట్టిన."

ముసలాయన భుజం మీది గొంగడి తీసి, యాదమ్మ భుజాల మీద కప్పి, ముందు కొసలు సర్దాడు.

"సలి పెడ్తాంది. గుట్ట మీద ఇది లేకుంట తిరుగకు" అన్నాడు. "నాకు ఇగ గుట్టెక్కుడు చాతనైతలేదు. బేరగాన్ని రావద్దని చెప్త."

అని దిగి వెళ్లిపోయాడు, వెనక్కి తిరిగి చూడలేదు. యాదమ్మ గొంగడి కొస నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు, రెండూ అనుకుంటాను.

ఎండెక్కి గడ్డి ఆరాక మంద మేతకు బయల్దేరింది. పొట్టేలు కుంటుతూనే ముందు నడిచింది, గంట ఖంగు ఖంగుమంటోంది. గొర్రెల కాళ్ల కింది నుంచి మిడతలు లేస్తున్నాయి. ఎక్కడినుంచి వచ్చిందో పాలపిట్ట, ఆ మిడతల మీదికి దూకి, ఒకదాన్ని పట్టుకుని మోదుగు కొమ్మ మీద వాలింది. గంట దానికి పది అడుగుల దూరంలో మోగుతోంది.

యాదమ్మ మమ్మల్ని చూసి, "గా పిట్ట పుట్టిన కాన్నుంచి గీ గంట ఇనుకుంటనే బతుకుతాంది. మీరే దానికి కొత్త" అంది.

ప్రభాకర్ సార్ పరుగున వెళ్లి లెన్సు తెచ్చుకున్నాడు. జాకెట్టు నిండా గొర్రెపిల్ల ప్రతాపం. మూడేళ్లుగా కావాలనుకున్న ఫోటో తీశాడు. అందులో పిట్ట ఉంది, మోదుగు ఉంది, మంచు లేదు, మూలన గొంగడి కప్పుకున్న యాదమ్మ ఉంది. నన్ను పక్కకు పిలిచి, "ఈమెను తీసెయ్యమంటావా నర్సింహా?" అని అడిగాడు. వద్దు సార్ అన్నాను.

సుజాత మేడానికి జరిగిందంతా నేనే చెప్పాను. ఆమె ఫోన్లో పావుగంట తిట్టింది. మరుసటి వారం ఆ ఏడుగురిలో అయిదుగురు మళ్లీ పేర్లు ఇచ్చారు, ఈసారి గొర్రెపిల్లలు ఉంటాయా అని అడిగారట. మేడం మొదటి రూలు ఎత్తేసింది. రెండోది మాత్రం చివరిదాకా ఎత్తలేదు, నేనే పాటించలేదు.

చివరి నడక

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఏ గుట్టకు వెళ్లినా ముందు అక్కడ బతికే మనిషి దగ్గర కూర్చుంటాను. ఆ మనిషి మంచు ఇగరనీ అంటే ఇగరనిస్తాను. అతిథులు గొణుగుతారు, గొణగనివ్వండి. బిస్కెట్లు ఉంచుకోండి, గొణుగుడుకు అవే మందు.

పోయిన ఫాల్గుణంలో నా చివరి నడక. నా చోట్లోకి వస్తున్న అమ్మాయి కవితను వెంట తీసుకెళ్లి యాదమ్మకు పరిచయం చేశాను. యాదమ్మ ఇప్పుడు మంద సంపాదన మీద ఇల్లు కట్టింది, గుట్ట దిగువనే, రెండు గదులు. మమ్మల్ని లోపలికి పిలిచింది.

గోడ మీద ఒక ఫోటో ఉంది. ఆ రోజు స్వాతి తీసింది. తన పిల్ల తల్లి దగ్గరికి వెళ్లిపోయాక మెల్లగా నా దగ్గరిదాకా వచ్చి, జేబులోంచి ఫోన్ తీసి తీసిందట, నాకు తెలియదు. మంచులో బండ మీద నేను కూర్చుని ఉన్నాను, చేతిలో బొల్లి ముఖం పిల్ల. మొత్తం నా ఉద్యోగంలో నేనున్న ఫోటో అదొక్కటే. కళ్లు ఉబ్బి, ముక్కు ఎర్రబడి, చూడముచ్చటగా ఏమీ లేను. నా దగ్గరా ఒకటుంది. ఇన్నేళ్లలో మా ఇంటి గోడకు నేను తగిలించింది అదొక్కటే.

యాదమ్మ కవితను దాని ముందు నిలబెట్టి, "పొట్టేలు గంటల గుడ్డ గుక్కినాయన ఈయననే. వచ్చినోళ్లందరికి చెప్తున్న" అంది. కవిత నా వైపు చూసింది. ఇంకేం దాచేది, అవునన్నట్టు తలూపాను.

"ఆఖరుకు, మామ ముందట తప్పు నాదని చెప్పినాయన గూడ ఈయననే. అది ఎవలడిగినా అడుగకున్నా చెప్తున్న."

అంటూనే బయటికి వెళ్లి, గంప ఎత్తి, అప్పుడే పుట్టినట్టున్న పిల్లను ఒకదాన్ని తెచ్చింది. కవిత మెడలో వేలాడుతున్న కెమెరాను తీసి నా చేతికిచ్చింది. పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది.

"ముందుగాల దీన్ని మంచిగ ఎత్తుకొనుడు నేర్సుకో బిడ్డా" అంది. "మెడ కింద చెయ్యి పెట్టు. ఆఁ, గట్ల."